జ్ఞాపకం పోయిన మనిషిలో దేవుని స్వరూపం ఉంటుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. నాన్నగారికి మూడేళ్లుగా డిమెన్షియా. కన్న కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా మీరు?" అని అడుగుతున్నారు. ఈలోగా మీ సంఘంలో ఒక పెద్దాయన బోధిస్తూ, దేవుని స్వరూపం అంటే బుద్ధి, వివేచన, మంచిచెడ్డలు ఎంచుకునే శక్తి, మనిషికీ జంతువుకీ ఉన్న తేడా అదేనని అన్నారు. ఇంటికొచ్చి నాన్నగారి ముఖం చూసేసరికి, మరి ఈయనలో ఇప్పుడు ఆ స్వరూపం ఉన్నట్టా లేనట్టా అనే సందేహం పట్టుకుంది. అది చాలదన్నట్టు, జన్మలో నోరు జారని మనిషి ఈమధ్య బూతులు తిడుతుంటే, "అసలు స్వరూపం ఇప్పుడు బయటపడింది" అని చుట్టాల్లో ఎవరో అనేశారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఉంది. మీలో ఎంత ఉందో నాన్నగారిలోనూ అంతే ఉంది. మీ మనసు కుదుటపడాలని అంటున్న మాట కాదిది. ఇరవై ఏళ్లకు పైగా పాత నిబంధన పాఠాలు చెబుతున్నాను, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకూ వెళ్తుంటాను. వాక్యంలో ఇది లేకపోతే మీకు రాసేవాణ్ణే కాదు.

మొదట వచనం చూద్దాం. "మన స్వరూపమందు మన పోలికె చొప్పున నరులను చేయుదము" అని ఆదికాండము 1:26. తర్వాతి వచనంలో "దేవుని స్వరూపమందు వాని సృజించెను, స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను." ఇంతే. స్వరూపం అంటే ఫలానా శక్తి అని ఇక్కడ ఎక్కడా లేదు. బుద్ధి అనే మాట లేదు, ఆత్మ అనే మాట లేదు, మనస్సాక్షి అనే మాట లేదు. అవన్నీ తర్వాతి కాలంలో చదివినవాళ్లు నింపుకున్నవి. నింపుకోవడం తప్పనడం లేదు కానీ, నింపినదేదో రాసి ఉన్నదేదో తెలుసుకుని మాట్లాడాలి.

హీబ్రూలో "స్వరూపం" అన్న చోట ఉన్న మాట త్సెలెం. ఇది చాలా మొరటు మాట, చేత్తో పట్టుకోగల మాట. కనానీయుల పోతవిగ్రహాలను నాశనం చేయమని సంఖ్యాకాండము 33:52లో చెప్పినప్పుడు వాడింది ఇదే. ఫిలిష్తీయులు బంగారంతో చేసి పంపిన చుంచుల బొమ్మలకు 1 సమూయేలు 6లో వాడింది ఇదే. దానియేలు 3లో నెబుకద్నెజరు నిలబెట్టించిన బంగారు ప్రతిమకు అరామిక్‌లో ఉన్నదీ ఈ మాటే. అంటే ఆదికాండము రాసినకాలంలో ఈ వచనం విన్నవాడికి మనసులో మెదిలేది తలలో ఉండే తెలివి కాదు, ఒక చోట నిలబెట్టిన ప్రతిమ.

ఇక్కడ మన తెలుగు మాట కొంచెం ఇబ్బంది పెడుతుంది. స్వరూపం అంటే మనకు "అసలైన రూపం, లోపలి స్వభావం" అనే అర్థం బలంగా ఉంది. మీ చుట్టం అన్న మాట చూడండి, "అసలు స్వరూపం బయటపడింది" అట. అందుకే ఈ వచనం చదవగానే మనం మనిషి లోపల ఎక్కడో దాగి ఉన్నదాని కోసం వెతుకుతాం. అది తెలివా, ఆత్మా, గుణమా అని. త్సెలెం అలా లోపలికి చూసే మాట కాదు. ప్రతిమ, ప్రతిరూపం అనే మాటలు దానికి దగ్గర. పాత అనువాదకుల మీద నాకు ఫిర్యాదేమీ లేదు, విగ్రహం అని రాయలేక ఈ మాట ఎంచుకుని ఉంటారనుకుంటాను. కానీ చదివేటప్పుడు మనకు ఆ తేడా గుర్తుండాలి.

1979లో ఈశాన్య సిరియాలోని తెల్ ఫెఖెరియే అనే చోట నల్లరాతి విగ్రహం ఒకటి బయటపడింది. దాదాపు నిలువెత్తు మనిషి. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దానికి చెందినదని ఎక్కువమంది పండితుల అంచనా. గుజానా అనే ప్రాంతాన్ని ఏలిన హదద్-యిస్ఇ అనే ఆయన దాన్ని హదదు దేవత గుడిలో పెట్టించాడు. విగ్రహం మీద అక్కాడియన్, అరామిక్ రెండు భాషల్లో శాసనం ఉంది. అరామిక్ భాగంలో ఆ విగ్రహాన్ని ఒకచోట "దెమూత్" అనీ, మరోచోట "త్సెలెం" అనీ పిలిచారు. ఆదికాండము 1:26లో పక్కపక్కనే ఉన్న పోలిక, స్వరూపం అనే ఆ రెండు మాటలే! మొదటిసారి ఈ శాసనం గురించి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఎందుకంటే విగ్రహం అంటే ఏమిటో ఆలోచించండి. రాజు అక్కడ లేడు, రాజు విగ్రహం ఉంది. అది మాట్లాడదు. ఆలోచించదు. దానికి ఏమీ గుర్తుండదు. అయినా దాన్ని గౌరవిస్తే రాజును గౌరవించినట్టు, దాని ముఖాన ఉమ్మితే రాజు ముఖాన ఉమ్మినట్టు. ముక్కు విరిగినా, గాలికీ వానకూ కళ్లు అరిగిపోయినా అది ఆ రాజు విగ్రహమే. దాని విలువ అది చేసే పని నుంచి రాలేదు, అది ఎవరిదో దాన్నుంచి వచ్చింది.

ఆ కాలపు లోకంలో ఈ గౌరవం రాజులకే. ఐగుప్తు రాజు టుటన్‌ఖామున్ పేరుకే అర్థం "ఆమున్ దేవుని సజీవ ప్రతిమ" అని. బబులోను కథల్లో మామూలు మనుషులను చేసింది దేవతల వెట్టిచాకిరీ మోయడానికి. వాటి పక్కన ఆదికాండము పెట్టి చూడండి. రాజు మాటే లేదు. నరులు, ఆడా మగా, అందరూ. కిరీటం ఒక్కరి తల మీంచి తీసి మొత్తం మానవజాతి తల మీద పెట్టినట్టుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. అదే వచనంలో "ఏలుదురుగాక" అని కూడా ఉంది కదా, ఏలడమే స్వరూపం అయితే, తన చొక్కా గుండీ తాను పెట్టుకోలేని మా నాన్న దేన్ని ఏలుతాడు అని. పండితుల్లో ఆ అర్థం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ హీబ్రూ వాక్యం నడక ప్రకారం "మన స్వరూపమందు చేయుదము, వారు ఏలునట్లు" అనే భావం వస్తుంది. స్వరూపం ముందు, పని తర్వాత. పైగా ఆ పని "వారు" అనే బహువచనానికి అప్పగించారు. ఏ ఒక్క మనిషికీ పరీక్ష పెట్టి, ఏలగలిగితేనే నువ్వు నా ప్రతిమవి అని దేవుడు అనలేదు.

ఈ రెండు మాటలూ కలిసి మళ్లీ ఎక్కడ వస్తాయో చాలామంది గమనించరు. ఆదికాండము 5:3. ఆదాముకు 130 ఏళ్లప్పుడు "తన పోలికెగా తన స్వరూపము చొప్పున కుమారుని కని అతనికి షేతు అను పేరు పెట్టెను." నా మటుకు నాకు మొత్తం చర్చకు తాళంచెవి ఇక్కడే ఉంది. పుట్టిన పూట షేతుకు ఏం తెలుసు? ఏడవడం తెలుసు, పాలు తాగడం తెలుసు. అయినా వాడు తండ్రి స్వరూపం, తండ్రి పోలిక. ఈ మాట దగ్గర మాత్రం తెలుగు మనకు ఎంతో సాయం చేస్తుంది. "నాన్న పోలికలు వచ్చాయి" అని మనం పసిబిడ్డను చూసి అంటాం. బిడ్డ సంపాదించుకున్నది కాదది, పోగొట్టుకోగలిగిందీ కాదు. వాడు ఆ తండ్రికి పుట్టాడు కాబట్టి వచ్చింది. అధ్యాయం మొదట్లో దేవుడు మనిషిని తన పోలికెగా చేశాడని చెప్పి, వెంటనే ఆదాము తన పోలికెగా కొడుకును కన్నాడని రాయడం ఊరికే జరగలేదు.

మరి మీ సంఘపెద్ద చెప్పింది ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన సొంతంగా కల్పించింది కాదు, పెద్దల దగ్గర్నుంచి వచ్చిన బోధే. 5వ శతాబ్దంలో అగస్టీన్ అనే సంఘ బోధకుడు త్రిత్వం గురించి రాస్తూ, మనిషి మనసులోని జ్ఞాపకం, గ్రహింపు, చిత్తం అనే మూడింటిలో త్రియేక దేవుని ప్రతిబింబం వెతికాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు కూడా బుద్ధికే పెద్దపీట వేశాడు. కానీ ఆ ఇద్దరి మాట సగమే మన దాకా వచ్చింది. ఆ స్వరూపం ఎంత అరిగిపోయినా, మసకబారి దాదాపు కనబడనంతగా అయిపోయినా, ఉండడం మాత్రం మానదని అగస్టీనే రాశాడు. అక్వినాస్ ఆ మాటే ఎత్తి చెబుతూ, బుద్ధిని వాడుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను అందుకు ఉదాహరణగా చూపాడు. మీ పెద్దాయనతో మాట్లాడే సందర్భం వస్తే ఈ సంగతి మెల్లగా చెప్పండి. వాదనకు దిగొద్దు. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, మీ ఇంటి పరిస్థితి ఆయనకు తట్టి ఉండదు.

అయినా, బుద్ధినే కొలబద్దగా పెట్టుకుంటే ఏమవుతుందో మనం సీరియస్‌గా ఆలోచించాలి. కొలబద్ద చేతికొస్తే మనిషి ఇతరులను కొలవకుండా ఉండడు. 1920లో జర్మనీలో ఒక న్యాయశాస్త్ర పండితుడు, ఒక మానసిక వైద్యుడు కలిసి, కొన్ని జీవితాలకు బతికే అర్హత లేదని పుస్తకం రాశారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అది ప్రభుత్వ పథకం అయింది. మతిస్థిమితం లేనివాళ్లను, వికలాంగులను ఆసుపత్రుల నుంచి బస్సుల్లో తీసుకెళ్లి, 1941 ఆగస్టు నాటికి 70,000 మందికి పైగా గ్యాస్ గదుల్లో చంపేశారు. ఆ ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ ఫొన్ గాలెన్ ప్రసంగ వేదిక మీద నిలబడి, పనికొచ్చినంత కాలమే మనిషికి బతికే హక్కు ఉందా, అలాగైతే ముసలివాళ్లమై మంచాన పడ్డాక మనందరి గతేమిటి అని బహిరంగంగా నిలదీశాడు. ఆ నెలాఖరులోగా ఆ పథకాన్ని పైకి ఆపాల్సి వచ్చింది, చాటుమాటుగా చంపడం సాగినా. మీ పెద్దాయన బోధకూ ఆ దుర్మార్గానికీ ముడిపెట్టడం లేదు. స్వరూపం ఎవరిలో ఎంత ఉందని లెక్కవేయడం ఒకసారి మొదలుపెడితే ఆ లెక్క ఎక్కడికైనా పోతుందని చెబుతున్నానంతే. ఆదికాండము 9:6లో దేవుడు ఈ స్వరూపం మాట ఎత్తింది ఆ లెక్కకు అడ్డం పడడానికే. "నరుని రక్తమును చిందించువాని" గురించి చెప్పి, కారణంగా "దేవుడు తన స్వరూపమందు నరుని చేసెను" అన్నాడు. తెలివైన నరుడనో నీతిగల నరుడనో అక్కడ లేదు.

ఆ వచనం జలప్రళయం తర్వాతది అని కూడా చూడండి. మీ రెండో సందేహానికి జవాబు అక్కడే మొదలవుతుంది. మనిషి ఆలోచన చిన్నతనం నుంచే చెడ్డదని అంతకు ఒక్క అధ్యాయం ముందే దేవుడు అన్నాడు. అయినా స్వరూపం పోయిందనలేదు. యాకోబు పత్రిక 3:9 ఇంకా సూటిగా నాలుక గురించే మాట్లాడుతుంది, "దీనితోనే దేవుని పోలికెగా పుట్టిన మనుష్యులను శపింతుము" అని. శపించేవాడూ దేవుని పోలికే, శాపం తినేవాడూ దేవుని పోలికే. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్తల్లో, పాపం వల్ల స్వరూపం పూర్తిగా పోయిందని లూథర్ గట్టిగా అన్నాడు, చెడిపోయింది కానీ తుడిచిపెట్టుకుపోలేదని కాల్విన్ అన్నాడు. ఈ రెండు వచనాల ముందు నాకు కాల్విన్ మాటే నిలుస్తుంది.

నాన్నగారి తిట్ల విషయంలో అయితే అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. అది జబ్బు. నోటి దాకా వచ్చిన మాటను ఆపే పని మెదడు ముందుభాగం చేస్తుంది. డిమెన్షియాలో ఆ భాగం దెబ్బతింటే ఆ కాపలా పోతుంది. మనందరి చెవుల్లో జీవితమంతా పడిన మాటలు లోపల ఎక్కడో ఉంటాయి, వాటిని ఆపే చెయ్యి ఆయనకు లేకుండా పోయింది. డెబ్బై ఏళ్లు ఆ మాటలు రానివ్వకుండా ఆపుకున్నది ఆయన అసలు మనిషి కాదూ? ఈసారి ఎవరైనా ఆ మాట అంటే ఈ ప్రశ్న అడగండి.

4వ శతాబ్దంలో అథనేసియస్ అనే బిషప్ ఒక పోలిక చెప్పాడు. చెక్కపలక మీద వేసిన చిత్తరువు మరకలు పడి చెరిగిపోయిందనుకోండి. ఆ పలకను పారేయరు. ఆ బొమ్మ ఎవరిదో ఆయనే మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చోవాలి, అదే పలక మీద బొమ్మను తిరిగి దిద్దుతారు. దేవుని కుమారుడు శరీరధారి అయి వచ్చింది అందుకేనంటాడు. కొలొస్సయులకు 1:15లో పౌలు క్రీస్తును "అదృశ్యదేవుని స్వరూపి" అన్నాడు. ఎవర్ని? చేతులు కదపలేకుండా మేకులతో కొట్టబడి, దాహమని ఒక్క మాట అనగలిగి, తర్వాత అదీ అనలేకుండా పోయినవాణ్ణి. చేతకాని స్థితిలో దేవుని స్వరూపం ఉండదనేవాళ్లు ఆ సిలువ దగ్గర ఏం చెబుతారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మీ రోజువారీ పని దగ్గరికి వస్తాను. స్నానం, గుడ్డలు మార్చడం, మూతి తుడవడం, ఇవన్నీ చేస్తూ "ఇదేనా మిగిలింది" అనిపిస్తోందని రాశారు. యూదుల పాత వ్యాఖ్యానాల్లో రబ్బీ హిల్లేలు గురించి ఒక కథ ఉంది. పాఠం అయ్యాక ఆయన బయల్దేరితే శిష్యులు ఎక్కడికని అడిగారు. దేవుని ఆజ్ఞ ఒకటి నెరవేర్చడానికి అన్నాడు. ఏ ఆజ్ఞ అంటే, స్నానం చేయడం అన్నాడు. స్నానం ఆజ్ఞ ఎలా అవుతుందని వాళ్లు ఆశ్చర్యపోతే, నాటకశాలల్లో నిలబెట్టిన రాజుల విగ్రహాలను తోమి కడిగేవాడికి జీతమిచ్చి, పెద్దల్లో ఒకడిగా గౌరవిస్తారు కదా, మరి దేవుని స్వరూపమందు చేయబడిన నేను ఈ శరీరాన్ని కడుక్కోవడం ఇంకెంత పెద్ద పని అన్నాడు. కడిగింది మనసును కాదు, శరీరాన్ని. మీరు రోజూ పొద్దున్నే తువ్వాలు తడిపి చేస్తున్నది కూడా ఆ పనే.

ఒక ఇంట్లో నేను చూసింది చెబుతాను. భర్తకు మీ నాన్నగారి జబ్బే, ఇంకా ముదిరిన దశ. నేను వెళ్లేసరికి ఆమె ఆయనకు గడ్డం గీస్తోంది. గీయబోయే ముందు "గడ్డం గీయనా అండీ?" అని అడిగింది. ఆయన ఏమీ అనలేదు. కాసేపు ఆగి, మెడ దగ్గర చర్మం రెండు వేళ్లతో లాగి పట్టుకుని, మెల్లగా పైనుంచి కిందికి గీసింది. చెవుల వెనక నురుగు తుడిచింది. తల దువ్వింది. అయ్యాక చిన్న అద్దం ఆయన ముఖం ముందు పెట్టింది. అలవాటుగా పెట్టినట్టుంది, పెళ్లయిన కొత్తలో ఆయనే అడిగేవాడేమో. ఆయన అద్దంలోకి చాలాసేపు చూసి, "ఎవరాయన?" అన్నాడు.

పేరు చెబుతుందనుకున్నాను. ఆమె "మా ఆయన" అంది.

ఆయన తలూపాడు. బాగున్నాడు అన్నట్టు.

రోమా చక్రవర్తి కైసరుకు పన్ను కట్టాలా వద్దా అని అడిగినవాళ్లు పన్ను నాణెం చేతికిచ్చినప్పుడు ప్రభువు అడిగింది ఆ రూపం ఏమిటని కాదు, "ఎవరిది" అని. గ్రీకు మత్తయిలో అక్కడ రూపానికి వాడిన మాట, ఆదికాండము గ్రీకు అనువాదంలో స్వరూపానికి వాడిన మాట ఒకటే, ఐకోన్. కైసరు రూపమున్నది కైసరుది అయితే, దేవుని రూపమున్నది దేవునిది. ఆ ఇంట్లో ఆ రోజు నేను ప్రార్థన చేసి వచ్చాను కానీ, నేను చెప్పడానికి తీసుకెళ్లిన వాక్యం అక్కడ అప్పటికే ఆమె నోట వచ్చేసింది.

ఆరాధనకు తీసుకెళ్లాలా వద్దా అని కూడా అడిగారు. జనం, శబ్దం చూసి ఆయన కంగారుపడకపోతే తప్పక తీసుకెళ్లండి. తలుపుకు దగ్గరగా చివరి వరుసలో కూర్చోండి, ఎప్పుడు లేచి బయటికి రావాలన్నా టెన్షన్ ఉండదు. మధ్యలో గట్టిగా మాట్లాడితే మాట్లాడనివ్వండి. ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తే చూడనివ్వండి. ప్రభువు బల్ల విషయం మీ కాపరితో ముందే మాట్లాడి పెట్టుకోండి, నేనైతే ఇస్తాను.

ఇంకొక్క సంగతి. "నేనెవరో చెప్పు నాన్నా" అని ఆయనకు పరీక్ష పెట్టకండి. అడగాలనిపిస్తుంది, నాకు తెలుసు, ఈసారైనా గుర్తుపడతారేమోనని. గుర్తురాకపోతే ఆయనకు లోపల భయం, మీకు ఏడుపు. గదిలోకి వెళ్లగానే మీరే ముందు చెప్పేయండి, "నేను మీ అమ్మాయిని నాన్నా" అని. పేరు తర్వాత చెప్పొచ్చు. పది నిమిషాలకు మళ్లీ "ఎవరమ్మా మీరు?" అంటే మళ్లీ అదే చెప్పండి.